స్పీకర్లు వేలాడదీసే పనిలోకి వెళ్తానంటోంది, పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ డిప్లొమా చివరి ఏడాదిలో ఉంది. పెద్ద కచేరీలకు స్పీకర్లు కట్టే రిగ్గింగ్ పనిలోకి వెళ్తానని పట్టుబడుతోంది. అంత బరువు జనం తలల మీద వేలాడదీయడం చూస్తేనే మాకు గుండె దడ. ఇది నిలకడైన వృత్తేనా? క్షేమంగా నేర్చుకునే దారి ఏమిటి?

జవాబు: వృత్తే. కచేరీ అయినా, నాటకశాల అయినా, స్టేడియం అయినా పెద్ద స్పీకర్లు పైకి వెళ్లాలంటే రిగ్గర్ ఉండి తీరాలి. మీ భయమూ సబబే. తల మీద బరువు జారితే దిద్దుకునే వ్యవధి ఉండదు. అయితే ఈ పనిలో జరిగే ప్రమాదాల్లో చాలావాటిని ముందే లెక్క కట్టి, కళ్లతో చూసి ఆపేయవచ్చు. మీ అమ్మాయి చదివిన మెకానిక్స్ సరిగ్గా ఇక్కడే పనికొస్తుంది.

లెక్క బరువుతో మొదలవుతుంది. ఒకదాని కింద ఒకటి తగిలించి వేలాడదీసే స్పీకర్ల వరుసను లైన్ అర్రే అంటారు. ఎల్-అకూస్టిక్స్ కంపెనీ కె2 అనే లైన్ అర్రే బాక్సు 56 కిలోలు. వేదికకు ఒక పక్క 12 బాక్సులు వేలాడదీస్తే బాక్సులే 672 కిలోలు. దీనికి బాక్సులు తగిలించే పై ఫ్రేమ్, గొలుసుతో బరువెత్తే చైన్ మోటార్, గొలుసు, షాకిళ్లు (పిన్నుతో మూసే ఉక్కు కొక్కాలు), కేబుళ్లు కలపాలి. కొత్తవాళ్లు దాదాపు ఎప్పుడూ వదిలేసేది కేబుళ్ల బరువునే. పైకప్పు దూలం మోసేది ఈ మొత్తం బరువును.

ఫ్రేమ్‌కు ముందొకటి, వెనకొకటి రెండు మోటార్లు కడితే బరువు చెరిసగం పడుతుందనుకోవడం ఇంకో పొరపాటు. ముందు వరుసల వాళ్లకు వినిపించడానికి అర్రేను కిందికి వంచేకొద్దీ అడుగు బాక్సులు వెనక్కి పోతాయి, గరిమనాభి కూడా వాటితో వెనక్కి జరుగుతుంది. వంపు మరీ ఎక్కువైతే ముందు గొలుసు వదులైపోయి బరువంతా వెనక మోటార్ మీదే పడుతుంది. సౌండ్‌విజన్, అర్రేకాల్క్ లాంటి తయారీదారుల సాఫ్ట్‌వేర్లు ఏ కొక్కెం మీద ఎంత పడుతుందో చూపిస్తాయి. ఆ అంకె చూడకుండా మోటార్ ఎంచుకోకూడదు.

ఇక బ్రైడిల్. మనకు కావలసిన చోట పైన దూలం ఉండదు కాబట్టి, రెండు దూలాల నుంచి రెండు తాళ్లు దించి మధ్యలో కలుపుతారు. 1,000 కిలోల బరువుకు ఒక్కో తాడు అడ్డంగా ఉన్న గీతతో 60 డిగ్రీల కోణంలో ఉంటే దాని మీద పడేది 577 కిలోలు. 45 డిగ్రీలైతే 707. 30 డిగ్రీలకు వచ్చేసరికి రెండు తాళ్లలో ఒక్కోటీ పూర్తి 1,000 కిలోలు మోస్తుంది. 10 డిగ్రీలైతే ఒక్కోదాని మీద సుమారు 2,880! సూత్రం చిన్నదే: బరువును కోణపు సైన్ విలువకు రెట్టింపుతో భాగించాలి. ఎత్తు చాలలేదని బ్రైడిల్‌ను చదునుగా లాగేవాళ్లు మర్చిపోయేది మరొకటుంది. 30 డిగ్రీల దగ్గర ఆ తాళ్లు దూలాలను ఒకదాని వైపు ఒకటి 866 కిలోల బలంతో పక్కకు లాగుతుంటాయి. దూలాలను కిందికి పడే బరువు కోసం కడతారు గానీ, ఈ పక్క లాగుడు కోసం కాదు. అందుకే భవనం ఇంజనీరు అనుమతి లేని చోట కొక్కెం వేయకూడదు.

సామాను సంగతికొస్తే, ప్రతి ముక్క మీదా అది భద్రంగా మోయగల బరువు రాసి ఉండాలి. మామూలు అర అంగుళం బో షాకిల్ 2 టన్నులు, 5/8 అంగుళాలది 3.25 టన్నులు, 3/4 అంగుళాలది 4.75 టన్నులు. ఇది నిలువు లాగుడుకే. అదే షాకిల్‌ను 45 డిగ్రీల పక్క నుంచి లాగితే బలం 70 శాతానికి, 90 డిగ్రీలైతే సగానికి పడిపోతుంది. దాని పిన్ను పోయిందని బోల్టు పెట్టేవాళ్లున్నారు, అది క్షమించకూడని తప్పు. దూలానికి చుట్టే గుండ్రటి పాలిస్టర్ స్లింగ్‌ను (పట్టీని) ఉరిలా బిగిస్తే దాని సామర్థ్యంలో 80 శాతమే మిగులుతుంది. పాలిస్టర్ సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది, అంతకు చాలా ముందే బలహీనపడుతుంది. కాబట్టి వేడి లైట్ల పక్కన ఉక్కు తాడు గానీ, లోపల ఉక్కు తీగ ఉన్న స్లింగ్ గానీ వాడాలి. చీటీ చిరిగిపోయి అంకె కనబడని స్లింగ్ చూడ్డానికి కొత్తగా ఉన్నా పక్కన పెట్టేయాలి.

మోటార్లలోనూ తరగతులున్నాయి. యూరప్ నుంచి వచ్చి పర్యటన కంపెనీల్లో బాగా వ్యాపించిన విభజన ఇది: డి8, డి8 ప్లస్, సి1. డి8 మోటార్‌తో బరువు ఎత్తేటప్పుడు కింద ఎవరూ ఉండకూడదు. ఎత్తాక జనం కిందికి రావాలంటే విడిగా ఉక్కు తాడుతో రెండో ఆధారం కట్టాలి. డి8 ప్లస్‌కు రెండు బ్రేకులు, అదనపు బలం ఉంటాయి కాబట్టి బరువు కదలకుండా ఉన్నంతసేపు రెండో ఆధారం అక్కర్లేదు. మనుషుల తల మీదుగా బరువు కదలాలంటే సి1 కావాలి. రెండో ఆధారంలో వదులు ఉండకూడదు. అరడుగు వదులున్నా బరువు పడినప్పుడు ఆ తాడుకు తగిలే కుదుపు అసలు బరువుకు ఎన్నో రెట్లవుతుంది.

బరువు పైకి లేచే క్షణాల్ని దగ్గరగా చూడండి. బరువు తగిలించకముందే ఒక్కో మోటార్‌ను కాస్త కదిపి దిశ చూస్తారు. త్రీ ఫేజ్ కరెంటులో రెండు ఫేజులు తారుమారైతే పైకి బటన్ నొక్కినప్పుడు మోటార్ కిందికి దిగుతుంది, పైగా ఆగాల్సిన చోట ఆపే లిమిట్ స్విచ్‌లు పనిచేయవు. తర్వాత అర్రేను అడుగెత్తు లేపి ఆపుతారు. ప్రతి బాక్సు రెండు పక్కలా, ముందూ వెనకా ఉన్న పిన్నులను వేలితో లాగి పూర్తిగా కూర్చున్నాయో లేదో చూస్తారు. వంపు కోణాన్ని ఇంక్లినోమీటర్ అనే కోణమానితో కొలుస్తారు. గొలుసు మెలిక పడకుండా మోటార్‌కు వేలాడే సంచిలోకి దిగుతోందో లేదో గమనించడానికే ఒక మనిషి ఉంటారు. సంచి చిన్నదై గొలుసు పొంగితే మొత్తం గొలుసు కిందికి దూకుతుంది, దాని కింద నిలబడ్డ మనిషికి హెల్మెట్ పెద్దగా సాయపడదు.

“అయితే కింద పేర్చే పని చేయనిద్దాం” అనుకోకండి. బాక్సులను నేల మీద పేర్చడంలోనూ మనుషులు గాయపడతారు. తయారీదారు మాన్యువల్లో ఎన్ని బాక్సుల ఎత్తు రాసి ఉంటే అంతే. నేల మెత్తగా ఉంటే మందపాటి ప్లైవుడ్ పరిచి లెవెల్ చూడాలి. లోతైన శబ్దాలిచ్చే బాస్ బాక్సులు మోగుతుంటే వాటి మీదున్నవి అదురుకు కొద్దికొద్దిగా జరుగుతూ అంచుకు వస్తాయి, కాబట్టి మొత్తాన్ని రాచెట్ బెల్టుతో కట్టేయాలి. ఆరుబయట గాలి కూడా తోడవుతుంది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు. సెకనుకు 10 మీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 6 కిలోల తోపు పెడితే, 20 మీటర్ల గాలి 25 కిలోలు పెడుతుంది. ఏ వేగం దగ్గర కిందికి దించాలి, ఏ వేగం దగ్గర జనాన్ని పంపేయాలి అన్నది ముందే కాగితం మీద ఉండాలి. 2011 ఆగస్టు 13న అమెరికాలో ఇండియానా స్టేట్ ఫెయిర్‌లో ఈదురుగాలికి వేదిక పైకప్పు కూలి ఏడుగురు చనిపోయారు. కట్టడం బలం చాలకపోవడంతోపాటు, ఖాళీ చేయించే ఏర్పాటు సరిగ్గా లేకపోవడం కూడా దర్యాప్తుల్లో తేలింది.

నేర్చుకునే వరుస ఇలా ఉంటే మేలు. మొదటి కొన్ని నెలలు గోదాంలో షాకిళ్లు, స్లింగులు, గొలుసులు తనిఖీ చేసి రిజిస్టర్ రాయడం. విసుగు పుట్టించే పనే, కానీ చెడిపోయిన సామాను ఎలా ఉంటుందో కంటికి అలవాటయ్యేది అక్కడే. తర్వాత కింద నిలబడి బ్రైడిళ్లు కొలిచి కట్టే గ్రౌండ్ రిగ్గర్. దూలాల మీదికి ఎక్కే పని ఆ తర్వాతే, అదీ ఎత్తులో పని, రెస్క్యూ శిక్షణ రెండూ అయ్యాకే. హార్నెస్‌లో (ఒంటికి కట్టుకునే రక్షణ పట్టీల్లో) స్పృహ తప్పి వేలాడే మనిషిని నిమిషాల్లో దించాలి. ఆ దించే మనుషులు అక్కడికక్కడే లేకపోతే ఎవరూ పైకి ఎక్కకూడదు.

సర్టిఫికెట్ల కోసం తొందరపడొద్దు. అమెరికాలో వినోదరంగ సాంకేతిక నిపుణులకు సర్టిఫికెట్లు ఇచ్చే ఈటీసీపీ వారి అరీనా రిగ్గర్, థియేటర్ రిగ్గర్ పరీక్షలకు పని అనుభవం అడుగుతారు. బ్రిటన్‌లో ప్లాసా అనే వృత్తి సంఘం వారి నేషనల్ రిగ్గింగ్ సర్టిఫికెట్ ఉంది. తాళ్లకు వేలాడుతూ చేసే పనికి ఇరాటా అనే అంతర్జాతీయ సంఘంలో మూడు స్థాయిలు, ఒక్కో మెట్టు ఎక్కడానికి కనీసం ఏడాది, 1,000 గంటల పని కావాలి. స్పీకర్ల తయారీదారులు ఇచ్చే శిక్షణ మాత్రం ముందే చేయవచ్చు. ఆడపిల్ల కాబట్టి బలం చాలదన్న మాట ఎవరైనా అంటే పట్టించుకోవద్దు. గొలుసు, కొక్కెం తాడుతో పైకి లాగేటప్పుడు ఒంటిబలం కావాలి, అది సాధనతో, సరైన పట్టుతో వస్తుంది. అసలు బరువు మోటార్ ఎత్తుతుంది.

జీవితం గురించి దాచకుండా చెప్పాలి. పని రాత్రుళ్లు ఎక్కువ, ఆదాయం సీజన్‌ను బట్టి ఉంటుంది. కార్యక్రమం అయ్యాక తెల్లవారుజామున సామాను దించే వేళ చాలా ప్రమాదకరం, ఎందుకంటే అందరూ అలసిపోయి ఇల్లు చేరాలనే తొందరలో ఉంటారు. ఎత్తిన జట్టే 18 గంటల తర్వాత దించే కంపెనీలో చేర్పించకండి.

చేరేముందు అమ్మాయి నాలుగు విషయాలు అడగాలి. ప్రతి కార్యక్రమానికీ బరువుల డ్రాయింగ్ ఉంటుందా? మోటార్ల, స్లింగుల తనిఖీ రిజిస్టర్ చూపిస్తారా? రెస్క్యూ ప్రణాళిక ఎవరి చేతిలో ఉంటుంది? జట్టులో అందరికన్నా కొత్త మనిషి “ఆపండి” అంటే మోటార్ ఆగుతుందా? చివరి ప్రశ్నకు నవ్వి ఊరుకుంటే ఆ చోటు వదిలేయమనండి. ఈలోగా ఏదైనా లైన్ అర్రే రిగ్గింగ్ మాన్యువల్‌ను తయారీదారు వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దించుకుని చదవడం, బౌలైన్ ముడి (బిగుసుకోని ఉచ్చు వేసే ముడి) చూడకుండా వేయగలిగేదాకా సాధన చేయడం, రోజుకు రెండు బ్రైడిల్ లెక్కలు చేయడం మొదలుపెట్టవచ్చు.