భూఫలకాలు అంత నెమ్మదిగా కదులుతుంటే భూకంపం ఒక్కసారిగా ఎందుకు వస్తుంది?

భూమి పైపొర పెద్ద పెద్ద రాతి పలకలుగా ఉంటుంది; ఇవే భూఫలకాలు. అవి నెమ్మదిగానే జరుగుతున్నా, రాపిడి వల్ల వాటి అంచులు ఒకదాన్నొకటి పట్టుకుని ఆగిపోతాయి; ఆ పట్టు విడిపోయిన క్షణమే భూకంపం వస్తుంది.

ఫలకాల కదలిక ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే, ఇంచుమించు మన గోళ్లు పెరిగే వేగం. ఫలకం జరుగుతూనే ఉంటుంది, బిగుసుకున్న అంచు మాత్రం కదలదు. దాంతో ఆ చుట్టుపక్కల రాయి కొద్దికొద్దిగా వంగుతుంది. అవును, రాయి కూడా వంచిన వెదురు బద్దలా వంగి శక్తిని దాచుకోగలదు. ఇలా దశాబ్దాలు, ఒక్కోసారి శతాబ్దాలు గడుస్తాయి. రాపిడి ఇక ఆపలేని స్థితి రాగానే రాళ్లు పగులు వెంబడి జారి, సెకన్లలో తిరిగి సర్దుకుంటాయి. ఆ కుదుపే తరంగాలుగా నేలంతా పాకుతుంది.

1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపంలో రెండు ఫలకాల సరిహద్దైన శాన్ ఆండ్రియాస్ పగులుకు అడ్డంగా ఉన్న ఒక కంచె రెండుగా తెగింది. రెండు ముక్కల మధ్య దాదాపు 2.6 మీటర్ల ఎడం! కొన్నిచోట్ల నేల ఆరు మీటర్ల దాకా జరిగింది. ఈ కొలతలను పరిశీలించి, అమెరికా భూభౌతిక శాస్త్రవేత్త హ్యారీ ఫీల్డింగ్ రీడ్ 1910లో పై వివరణను ప్రతిపాదించారు.

చిన్న ప్రకంపనలు వస్తుంటే శక్తి ఖాళీ అయిపోయి పెద్దది రాదని చాలామంది ధైర్యం చెప్పుకుంటారు. అది నిజం కాదు. తీవ్రత ఒక అంకె పెరిగితే వెలువడే శక్తి సుమారు 32 రెట్లవుతుంది. అంటే 7 తీవ్రత గల ఒక్క భూకంపానికి సాటి రావాలంటే 5 తీవ్రత గలవి దాదాపు వెయ్యి రావాలి. పైగా కొన్నిసార్లు పెద్ద భూకంపానికి ముందు చిన్నవి వస్తాయి కూడా.