పూతరేకుల సైట్ చదవకుండా వెళ్ళిపోతున్నారన్న దానికి

మీ ఆత్రేయపురం పూతరేకుల సైట్ తెరిచినోళ్ళు ఆర్డర్ పెట్టకుండా పోతున్నారన్నారు కదండీ, మొదటి పేరా చూశానండి, "అనాదిగా విశిష్ట ఖ్యాతినార్జించిన" అంటూ ఏడు లైన్లకీ ఒకటే వాక్యం, ఫోన్లో చదివేవాళ్ళకి ఊపిరాడదండి. ముందు బెల్లంవా పంచదారవా, బాక్సులో ఎన్ని, రేటెంత, ఎన్నాళ్ళు నిలవుంటాయి, ఇవి పైన పెట్టేయండి. 2023లో జీఐ ట్యాగ్, అంటే ఇవి ఆ ఊరి ప్రత్యేకతేనని ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు, వచ్చిందన్నది ఒక్క లైన్ చాలు. ఆ కిందే పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద పరిచి రేకు ఎలా తీస్తారో మీ ఇంట్లో ఆడవాళ్ళు చెప్పినట్టే చిన్న చిన్న వాక్యాల్లో రాయండి, నాకైతే అసలు చదవాలనిపించేది అదేనండి. రాశాక పైకి చదవండి, నాలుక తడబడిన చోటల్లా వాక్యం విరిచేయండి. బటన్ మీద "ఇక్కడ నొక్కండి" తీసేసి "బెల్లం పూతరేకులు కొనండి" అని పెట్టండి.