నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే నొప్పిని గ్యాస్ అనుకోకండి

మీ నాన్నగారికి మెట్లెక్కితే ఛాతీ బరువెక్కుతోంది, కాసేపు కూర్చుంటే తగ్గుతోంది, ఈసీజీ నార్మల్ వచ్చింది కాబట్టి గ్యాసే అనుకోవచ్చా అని అడిగారు. దయచేసి అనుకోకండి, అది గుండె నొప్పి కావచ్చు. మేం అచ్చం అలాగే అనుకుని నాలుగు నెలలు పోగొట్టుకున్నాం.

మా నాన్నకి అప్పుడు 61. మాది తెనాలి. మొదట మాకు కనిపించింది నొప్పి కాదు, ఆయన ఆగిపోవడం. రైల్వే స్టేషన్‌లో వంతెన ఎక్కుతూ సగం మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడి, బొటనవేలితో దవడ కింద నొక్కుకునేవారు. "ఏంటి నాన్నా?" అంటే "పన్ను లాగుతోందిరా, నువ్వు పద" అనేవారు. రెండు నిమిషాల్లో మళ్లీ మామూలే. పళ్ల డాక్టరుకి చూపిస్తే పళ్లు బాగానే ఉన్నాయన్నారు. తర్వాత ఛాతీ పట్టేసినట్టు అవడం మొదలైంది, అదీ భోంచేసి నడిస్తే ఎక్కువ. అందుకే గ్యాస్ అని సోడా, జీలకర్ర నీళ్లు, మాత్రలు అన్నీ వాడాం. ఈసీజీ తీసినవాళ్లు కూడా ఏమీ లేదన్నారు.

ఈసీజీ తీసేది పడుకోబెట్టి. అప్పుడు గుండెకి రక్తం అవసరం తక్కువ, సన్నబడిన నాళం కూడా సరిపోతుంది. మెట్లెక్కితేనే చాలదు. కాబట్టి కార్డియాలజిస్టుని కలవండి, టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ చూసే పరీక్ష, అవసరమో ఏమో ఆయన చెబుతారు. మా నాన్నని ట్రెడ్‌మిల్ మీద నడిపించి ఐదో నిమిషంలోనే ఆపేశారు. యాంజియోగ్రామ్‌లో గుండె ముందువైపు నాళం 90 శాతం మూసుకుపోయి ఉంది. స్టెంట్ వేశారు. ఇప్పుడు అదే వంతెన ఆగకుండా ఎక్కుతున్నారు.

మీ నాన్నగారికి షుగర్ ఉంటే ఇంకా జాగ్రత్త. షుగర్ ఉన్నవాళ్లలో ఒక్కోసారి నొప్పే ఉండదు, ఉత్త ఆయాసం, నీరసం ఉంటాయి. నడిస్తే పిక్కలు పట్టేసి, ఆగితే వదిలేస్తున్నా డాక్టరుకి చెప్పండి, కాళ్ల నాళాల్లోనూ పూడికలు వస్తాయి.

కూర్చున్నా నొప్పి తగ్గకపోయినా, చెమటలు పట్టినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి మీద తీసుకెళ్లొద్దు.

అలాంటిదేమీ లేకపోయినా ఈ వారంలోనే చూపించండి. ఎన్ని మెట్లకి వస్తోంది, ఎక్కడెక్కడ లాగుతోంది, ఎన్ని నిమిషాలకి తగ్గుతోంది, ఇవన్నీ కాగితం మీద రాసుకుని మీరు కూడా లోపలికి వెళ్లండి. మా నాన్న డాక్టరు ముందు కూర్చుని "ఏం లేదండీ, కొంచెం గ్యాస్" అన్నారు. వంతెన సంగతి, దవడ సంగతి నేనే చెప్పాను.