మేనమామ కోటు పిన్ను ఎంత చేస్తుంది?

ప్రశ్న: మా మేనమామ అమెరికాలో ఉన్నప్పుడు ఏదో పాత సామాన్ల కొట్లో కొన్న కోటు పిన్ను ఒకటి ఆయన పోయాక పెట్టె సర్దుతుంటే దొరికింది. రూపాయి బిళ్ళ కన్నా చిన్నది, ముందు మీనా పని, బి.ఆర్.టి. అని అక్షరాలు, వెనకాల 1/10 10కె అని ఉంది. సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో ఒక షాపులో చూపిస్తే గీటురాయి మీద గీసి ‘గిల్టమ్మా, పడేయండి’ అన్నారు. నిజంగా అంతేనా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: పడేయకండి. ఇంకో షాపులో గీయించకండి కూడా, ఎందుకంటే దీనికున్న బంగారమంతా పైపొరలోనే ఉంది, గీసిన ప్రతిసారీ కొంత రాయికి అంటుకుపోతుంది.

షాపాయన చూసింది తూకం ఒక్కటే. 1/10 10కె అంటే మొత్తం బరువులో పదో వంతు 10 క్యారట్ల బంగారం, మిగతాదంతా మామూలు లోహం. పిన్ను 2 గ్రాములు అనుకుంటే 10 క్యారట్లది 200 మిల్లీగ్రాములు, దాంట్లో మేలిమి సుమారు 83 మిల్లీగ్రాములు. ముక్కుపుడకకు కూడా చాలదు! అలాగని ఇది గిల్టూ కాదు. గిల్టంటే పల్చటి పూత, దీనికేమో బంగారు రేకును లోహానికి వేడితో, ఒత్తిడితో అతికిస్తారు, అందుకే ఇన్నేళ్లయినా మెరుపు పోలేదు. అదే వెనకాల భిన్నం ఏమీ లేకుండా ఒట్టి 10కె అని ఉంటే మాత్రం మొత్తం 10 క్యారట్లదే, అప్పుడు లెక్క వేరు.

ఇక అక్షరాలు. బి.ఆర్.టి. అంటే బ్రదర్‌హుడ్ ఆఫ్ రైల్‌రోడ్ ట్రైన్‌మెన్. 1883లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒనియోంటాలో బ్రేక్‌మెన్ మొదలుపెట్టిన సంఘం ఇది. అప్పట్లో గూడ్సు బండి కదులుతుండగానే పెట్టెల పైకప్పుల మీద నడుస్తూ ఒక్కో పెట్టె బ్రేకు చక్రాన్ని చేత్తో తిప్పాలి, రెండు పెట్టెల మధ్య దూరి లంకె తగిలించాలి, వేళ్లు పోగొట్టుకున్నవాళ్లకు లెక్కలేదు. వీళ్లకు బీమా ఇవ్వడానికి కంపెనీలు జంకేవి, అందుకని చందాలేసుకుని తమ బీమా తామే పెట్టుకున్నారు. కోటుకు ఆ పిన్ను ఉందంటే ఆ మనిషికి ఏదైనా అయితే ఇంట్లోవాళ్లకు ఒక దిక్కుందని అర్థం. నాకైతే ఆ 83 మిల్లీగ్రాముల కన్నా ఇదే ఎక్కువ అనిపిస్తుంది.

ఈ సంఘం 1969లో ఇంకో మూడు సంఘాలతో కలిసి యునైటెడ్ ట్రాన్స్‌పోర్టేషన్ యూనియన్ అయిపోయింది, కాబట్టి మీ పిన్ను చాలావరకు అంతకుముందుదే. వెనక మర బిగించే రకమా, నొక్కితే ఊడే క్లచ్చా చూడండి, మర ఉంటే ఇంకా పాతదయ్యే అవకాశం ఎక్కువ. ధర మాటకొస్తే, మామూలు సభ్యుల పిన్నులు ఆ రోజుల్లో బోలెడు చేశారు, పెద్దగా ఆశ పెట్టుకోకండి. లాడ్జి (అంటే సంఘం స్థానిక శాఖ) నంబరో, ఇన్నేళ్ల సభ్యత్వం అనో, వెనక ఒక మనిషి పేరో చెక్కి ఉంటే సేకరించేవాళ్లు పెంచి ఇస్తారు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు పెట్టిన ధర చూసి మురిసిపోవద్దు, ఎంతకు అమ్ముడుపోయిందో అది చూడండి.

ప్రశ్న: నాన్నగారు లాలాగూడ వర్క్‌షాప్‌లో ఫిట్టర్. ఆయన యూనియన్ ఇత్తడి బ్యాడ్జీ, దాంతోపాటు తాతగారిదని చెప్పే ఎన్.జి.ఎస్.ఆర్. అక్షరాల గుండీ ఉన్నాయి. రెండూ నల్లబడ్డాయి, అమ్మ చింతపండుతో తోముతానంటోంది. తోమొచ్చా?
– ఒక పాఠకుడు, మెట్టుగూడ

జవాబు: అమ్మగారిని వెంటనే ఆపండి సార్! నేనూ ఒకసారి ఇలాగే ఒక పాత బ్యాడ్జీని ఉత్సాహంగా చింతపండు పెట్టి తోమాను, సాయంత్రానికి నిన్న కొన్న తాళం కప్పలా తయారైంది, ఎర్ర రంగు ఒక మూల పొరలా లేచిపోయింది. ఆ నలుపే పాతదనానికి సాక్ష్యం, కొనేవాళ్లు ముందు చూసేది దాన్నే. గోరువెచ్చని నీళ్లలో ఒక్క చుక్క సబ్బు, పిల్లల మెత్తటి బ్రష్షు, చాలు. రంగులో పగులుంటే నీళ్లు కూడా వద్దు, పొడిగుడ్డతో తుడవండి.

రెండూ ఒకే డబ్బాలో ఉన్నా ఒకే జాతి కావు. గుండీ కంపెనీ ఇచ్చిన యూనిఫాంది, బ్యాడ్జీ నాన్నగారు చందా కట్టి పెట్టుకున్నది. ఎన్.జి.ఎస్.ఆర్. అంటే నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. 1930లో నిజాం ప్రభుత్వం దాన్ని సొంతం చేసుకున్నాక పేరులోంచి గ్యారంటీడ్ పోయింది, కాబట్టి మధ్యలో ‘జి’ ఉన్న మీ గుండీ అంతకు ముందుదని చెప్పొచ్చు. బ్యాడ్జీకి అలాంటి ఆధారం కాగితాల్లో దొరకాలి. చందా రసీదులు, సభ్యత్వ కార్డు, 1974 మే సమ్మె నాటి ఫొటో ఏదైనా ఉంటే దాంతోపాటే ఒక కవర్లో పెట్టండి. నాన్నగారి పేరు, వర్క్‌షాప్‌లో ఆయన పనిచేసిన విభాగం, చేరిన సంవత్సరం ఒక చీటీ మీద రాయండి, అమ్మగారికి గుర్తున్నప్పుడే.