బీరు సంగతి తర్వాత, ముందు ఆ నోటు చింపించండి

ప్రశ్న (కుదించి): మాది పులివెందుల దగ్గర పల్లె. వయసు 33. రెండున్నరేళ్లుగా టాంజానియాలోని దారెస్సలాంలో అకౌంటెంట్‌ని. భార్య, పాప, అమ్మానాన్న ఊళ్లోనే ఉంటారు. జీతం మన లెక్కలో 1.6 లక్షలు. ఇక్కడి ఉక్కకు సాయంత్రం చల్లటి బీరు అలవాటైంది, కొత్త ఊరెళితే అక్కడి రకం రుచి చూడాల్సిందే. నెలకు 9 వేలవుతోంది. అది మానేసి సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పొదుపు) మొదలుపెట్టాలా? టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బొచ్చే బీమా) ఫారంలో మందు అలవాటు 'లేదు' అని రాయమంటున్నాడు ఏజెంటు. రాయొచ్చా? చీనీ (బత్తాయి) తోటలో బోర్లకు నాన్న ప్రామిసరీ నోటు రాసి మూడు రూపాయల వడ్డీకి 4 లక్షలు తెచ్చారు, వడ్డీ నేనే కడుతున్నాను. బ్యాంకులో 2.2 లక్షలున్నాయి.

జవాబు: మీ ఉత్తరంలో బీర్ల మీదే పేజీన్నర రాశారు. కిలిమంజారో, సఫారీ, సెరెంగెటీ... వెయిటర్ 'బరిదీ? మోటో?' అని, అంటే చల్లదా, మామూలుదా అని అడుగుతాడట. అంత ఉక్కలోనూ మోటో కావాలనేవాళ్లు ఉన్నారట. మోషీ ఊళ్లో తాగిన ఎంబెగే అనే నాటు బీరు గురించి మాత్రం నేనూ ఆసక్తిగా చదివాను. అరటిపళ్లు, రాగులతో చేస్తారు. రెండూ మన జిల్లాలో పండేవే, మనం సంగటి దగ్గరే ఆగిపోయాం! ఇంత రాసి, 4 లక్షల నోటును చివర్లో ఇరికించారు. నాకు టెన్షన్ పెట్టింది ఆ ఒక్క వాక్యమే.

నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం, నెలకు 12 వేలు. మీరు తాగే బీరు కంటే మీ వడ్డీ తాగేదే ఎక్కువ. అది నెత్తిన పెట్టుకొని సిప్ అడుగుతారేంటండీ? బోరులో నీళ్లు పడ్డాయో లేదో కూడా రాయలేదు. పడకపోతే ఇంకో పాయింటు, ఇంకో నోటు. మన వైపు ఇది కొత్తా? ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి, రూపాయి లోపు వడ్డీకి తెచ్చి, ముందు ఆ నోటు చింపించండి. ఫోన్ యాప్ అప్పుల జోలికి మాత్రం వెళ్లొద్దు.

అక్కడ 60 వేలు, ఇంటికి 35 వేలు, వడ్డీ పోను 50 వేలదాకా మిగులుతోందన్నారు. 30 వేలు బంగారం అప్పుకు, 20 వేలు అత్యవసర నిధికి. ఉన్న 2.2 లక్షలు ముట్టుకోవద్దు. ఆ నిధిలో ఆరు నెలల ఖర్చుండాలి, అంటే మీకు 5.7 లక్షలు. ఎందుకంత అంటారేమో. కడపలో ఉద్యోగం పోతే ఇంట్లో కూర్చొని ఇంకోటి వెతుక్కోవచ్చు. మీ పర్మిట్ కంపెనీతో ముడిపడింది, ఉద్యోగంతోపాటు దేశమూ వదలాలి. కంపెనీ హెల్త్ కవరూ దాంతోనే పోతుంది. రెండు నెలల ఖర్చు సేవింగ్స్‌లో, మిగతాది ఎన్‌ఆర్‌ఈ (విదేశాల్లో ఉండే మనవాళ్ల కోసం బ్యాంకులిచ్చే) డిపాజిట్‌లో ఉంచండి. ఏడాది లోపు తీస్తే ఆ డిపాజిట్‌కు వడ్డీ రాదు, గుర్తుంచుకోండి. ఊళ్లో ఉన్న నలుగురికీ హెల్త్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. సిప్ సంగతి అప్పు తీరాక చూద్దాం.

ఇక ఆ ఏజెంటు. మూడేళ్లు దాటితే ఎవరూ అడగరని చెప్పుంటాడు. మూడేళ్ల తర్వాత పాలసీని ప్రశ్నించకూడదన్న బీమా చట్టం సెక్షన్ 45 నిజమే. మరి ఆ మూడేళ్లలోనే మీకేమైనా అయితే? అబద్ధం రాశారని కంపెనీ క్లెయిమ్ ఆపేస్తే తిరగాల్సింది పాపను చంకనేసుకొని మీ భార్య. వారానికి ఎన్ని సీసాలో, ఏ దేశంలో ఉంటున్నారో ఉన్నదున్నట్టు రాయండి. అర లీటరు సీసా అని కూడా రాయండి. ప్రీమియం కాస్త పెరిగినా పెరగనీండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ ఎలాగూ లేదు. 2 కోట్ల కవర్ తీసుకోండి, నోటు వడ్డీలో మిగిలే 8 వేల పైచిలుకు ఈ ప్రీమియంలకు వాడండి. బీరు తగ్గిస్తే మంచిదే, ఆ మాట మీ డాక్టరు చెబుతారు.

ఫారం ఏజెంటు చేత నింపించొద్దు. పాలసీతోపాటు మీ ఫారం కాపీ వస్తుంది, మద్యం కాలమ్ తెరిచి చూడండి. అక్కడ 'లేదు' అని ఉంటే వెంటనే కంపెనీకి రాసి సరిచేయించండి. కుదరదంటే, పాలసీ అందిన 30 రోజుల్లోపు వెనక్కిచ్చేయండి.