మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందో ముందు తేల్చుకోండి

పిల్లల కోసం బొమ్మల ఫాంటసీ కథ గీస్తున్నానని, మాంత్రికుడిని ఎన్నిసార్లు గీసినా కోసుటోపీ పెట్టుకున్న ఇంగ్లీషు తాతలాగే వస్తున్నాడని, అసలు మన మాంత్రికుడు ఎలా ఉంటాడని అడిగారు. నేను హన్మకొండ దగ్గర ఒక ప్రభుత్వ బడిలో టీచర్ని. మూడేళ్ల కింద మా ఏడో తరగతి పిల్లలతో కలిసి 32 పేజీల బొమ్మల కథ తయారు చేశాను. సరిగ్గా మీరు ఆగిన చోటే నేనూ ఆగాను.

నేను మొదట వేషం మీద పడ్డాను. టోపీ తీసేసి జడలు పెట్టాను. కర్ర తీసేసి పుర్రె ఇచ్చాను. నుదుటికి విభూతి, మెడలో ఎముకల దండ. నాలుగు రోజులు కూర్చుని గీసి, బోర్డుకు అంటించి కథ చెప్పాను. పిల్లలు శ్రద్ధగానే విన్నారు. అయిపోయాక వెనక బెంచీ అమ్మాయి ఒకతి లేచి, "సార్, గాయన పాణం ఏడ దాచిపెట్టిండు?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్లకు వాళ్ల అవ్వ బాలనాగమ్మ కథ చెప్పిందట. మాయల ఫకీరు బాలనాగమ్మను కుక్కను చేసి ఎత్తుకుపోతాడు, వెంట వచ్చినవాళ్లను రాళ్లను చేస్తాడు. కత్తితో నరికినా చావడు, ఎందుకంటే వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంది. ఆ కథ విని పెరిగిన పిల్లకు మాంత్రికుడంటే ప్రాణాన్ని ఒంట్లో పెట్టుకోనివాడు. నా బొమ్మలో పుర్రె ఉంది, ఎముకలు ఉన్నాయి, ఆ ముఖ్యమైన సంగతే లేదు.

ఆ రాత్రి నాకు తెలిసిన మాంత్రికులందరినీ ఒక్కొక్కరినే గుర్తు చేసుకున్నాను. బేతాళ కథల్లో క్షాంతిశీలుడనే భిక్షువు ఉంటాడు. లోపల రత్నాలున్న పళ్లు రోజూ తెచ్చి రాజుకు ఇస్తాడు, ఆఖరికి శ్మశానం నుంచి ఒక శవాన్ని మోసుకురమ్మంటాడు. అంత మంత్రం తెలిసినవాడు ఆ శవాన్ని తానే తెచ్చుకోలేడు. 1951లో వచ్చిన పాతాళభైరవి సినిమాలో నేపాళ మాంత్రికుడూ అంతే. శక్తి దక్కాలంటే సాహసవంతుడైన ఒక యువకుడిని బలి ఇవ్వాలి, అందుకే తోటరాముడి వెంట పడతాడు. రెండు చోట్లా బలి కావలసినవాడే ఎదురు తిరిగి మాంత్రికుడిని బలి ఇస్తాడు. ఫకీరుకు ఇవేవీ అక్కర్లేదు, బాలనాగమ్మ ఒప్పుకుంటే చాలు. ఆమె నోములూ గడువులూ చెప్పి ఏళ్ల తరబడి వాడిని ఆపుతుంది. ఎత్తుకొచ్చిన మనిషి మనసు మార్చే మంత్రం వాడి దగ్గర లేదు.

నాకు అర్థమైంది ఇదండీ: మన మాంత్రికుడికి ఎప్పుడూ ఏదో ఒకటి తక్కువ. ఆ తక్కువను పూడ్చుకోవడానికి వాడికి మామూలు మనిషి కావాలి. కథ మొదలయ్యేది అక్కడే. మీ మాంత్రికుడు ఏం చేయగలడో రాసుకునే ముందు, ఏం చేయలేడో రాసుకోండి.

ఇక బొమ్మ సంగతి. మా మామ దగ్గర బైండు చేయించిన పాత చందమామలు ఉండేవి, సెలవులన్నీ వాటితోనే గడిచేవి. నాగిరెడ్డి, చక్రపాణి 1947లో పెట్టిన పత్రిక అది. పాతాళభైరవి తీసిందీ వాళ్లే. దాసరి సుబ్రహ్మణ్యం గారి పన్నెండు సీరియళ్లు అందులోనే వచ్చాయి. ముగ్గురు మాంత్రికులు, భల్లూక మాంత్రికుడు అన్న పేర్లు చదివితేనే నాకు ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది. చిత్రా గారి బొమ్మలు ఎంతసేపు చూసినా తనివి తీరేది కాదు. కానీ బొమ్మలు గీసేవాళ్లకు నేను మొదట చూపించేది శంకర్ గారి బేతాళ కథల బొమ్మ. చేతిలో కత్తి, భుజాన శవం, నడుస్తున్న రాజు. అందులో మాంత్రికుడు లేడు! రాజును ఆ రాత్రి శ్మశానానికి నడిపించింది వాడే, అయినా కనిపించడు. అది చూశాక నా కథలో మొదటి తొమ్మిది పేజీల్లో మాంత్రికుడిని తీసేశాను. వాడి కోసం పనిచేస్తున్న మనుషులను మాత్రమే గీశాం.

రంగు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. చేర్యాలకు వెళ్లి ఒక నకాశీ కళాకారుడిని కలిశాను. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది కానీ మొన్నటి దాకా మా వరంగల్‌దే. గుడ్డ మీద వరసగా బొమ్మలు వేసి, అవి చూపిస్తూ కథ చెప్పే పటాలు అక్కడివి. బొమ్మల కథంటే మనకు అంత పాతదన్నమాట. ఎర్రటి నేల మీద దేవుళ్లకు నీలం, పసుపు, రాక్షసులకు ముదురు రంగు, మనుషులకు గులాబీ ఛాయ వేస్తారు. మరి మాంత్రికుడికి? పిల్లలను అడిగితే, "మనిషే కదా సార్" అన్నారు. గులాబీ ఛాయే వేశాం. పుర్రె, ఎముకలు తీసేశాం. పక్కింటి మనిషిలా ఉన్నాడు, అందుకే ఎక్కువ భయం వేసింది.

కథ జరిగే లోకం కోసం దూరం పోకండి. ఓరుగల్లు పుట్టుక గురించి, కాకతీయుల కథ చెప్పే పాత గ్రంథం ప్రతాపచరిత్రలో ఉన్న కథే చూడండి. బండి ఇరుసు ఒక రాయికి తగిలి బంగారమైందట. అది పరుసవేది లింగమని ప్రోలరాజు అక్కడే గుడి కట్టించాడని, ఊరు దాని చుట్టూ వెలిసిందని అంటారు. కోటలో స్వయంభు ఆలయం దగ్గర నిలబడి ఈ కథ చెబితే పిల్లలు చేతిలో ఉన్న తాళంచెవులు, నాణేలు తీసి రాళ్లకు తాకించారు. ఇలాంటి రాయి ఉన్న ఊరికి ఒక మాంత్రికుడు వస్తే ఏమవుతుందో ఊహించండి.

మా మాంత్రికుడి ప్రాణం ఎక్కడ పెట్టాలన్నదానికి తరగతిలో రెండు రోజులు గొడవ జరిగింది. చిలుక వద్దన్నారు, అది ఫకీరుదట. చివరికి చెరువు తూములో, నీటి అడుగున, ఒక రాతిచేప కడుపులో పెట్టారు. కాకతీయుల కాలం నుంచి చెరువుల మీద బతికిన నేల మాది, కాబట్టి దాని బరువు పిల్లలకు నేను చెప్పక్కర్లేదు. చెరువు నిండి మత్తడి పోసినప్పుడు వాడికి బలం ఎక్కువ. వాడిని చంపాలంటే తూము పగలగొట్టాలి, పగలగొడితే ఊరి పొలాలన్నీ ఎండిపోతాయి. నేనైతే ఎటూ తేల్చలేకపోయాను. ప్రాణం గురించి మొదట అడిగిన ఆ అమ్మాయే, "తూము పలగ్గొట్టుడెందుకు సార్? ఎండకాలం దాంక ఆగితే నీళ్లే దిగుతయ్ కదా" అంది.

చివరి ఆరు పేజీలూ ఊరంతా కట్ట మీద కూర్చుని ఎదురుచూడటమే గీశాం. ఒక్కో పేజీకి నీటి గీత కొంచెం కిందికి దిగుతుంది, వాడి ఛాయ కొంచెం పాలిపోతుంది.

మీ కథ ఏ ఊళ్లో జరుగుతుందో రాయండి. ప్రాణం దాచే చోటు కలిసి వెతుకుదాం.