సోషియాలజీ పీహెచ్‌డీకి అప్లై చేసేముందు మీ ప్రశ్న ఏమిటో తేల్చుకోండి

ప్రతి ఏడాదీ ఆగస్టు దాటగానే నాకు ఒకే రకం సందేహాలు వస్తాయి. జీఆర్ఈ స్కోరు ఎంత ఉండాలి, నా జీపీఏ సరిపోతుందా, టాప్ 20లో ఎన్నింటికి పెట్టాలి, సేఫ్ యూనివర్సిటీలు ఏవి. అడిగేవాళ్లలో హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద కొత్తగా అమెరికా వచ్చిన చెల్లెళ్లు ఉంటారు, ఇంజినీరింగ్ చదివి ఉద్యోగంలో కుదురుకున్నాక మనసు ఇటు లాగుతోందని చెప్పే తమ్ముళ్లూ ఉంటారు. ఎమ్మెస్‌కి అయితే ఈ ప్రశ్నలు సరిపోతాయి. సోషియాలజీ పీహెచ్‌డీకి ఇవి చివర్లో చూసుకోవాల్సిన సంగతులు. జీఆర్ఈని చాలా డిపార్ట్‌మెంట్లు ఇప్పుడు అడగడమే మానేశాయి.

నేనూ అలాగే మొదలుపెట్టాను. మొదటి ఏడాది ర్యాంకుల జాబితా దగ్గర పెట్టుకుని పైనుంచి తొమ్మిది చోట్ల అప్లై చేస్తే ఒక్క చోటా రాలేదు. మార్కులు బాగానే ఉన్నాయి కదా, ఎక్కడ తప్పు జరిగిందని చాలా రోజులు బాధపడ్డాను. తర్వాత ఒక ప్రొఫెసర్ నా ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, ఏం పరిశోధన చేయాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం) చదివి, "ఇందులో నువ్వు ఏం తెలుసుకోవాలనుకుంటున్నావో నాకు కనబడలేదు" అన్నారు. నిజమే. సమాజంలోని అసమానతల మీద పరిశోధన చేయాలని ఉంది అని రాశాను. ఆ వాక్యం అప్లై చేసేవాళ్లలో సగం మంది రాస్తారు.

యూనివర్సిటీల వైపు నుంచి ఒకసారి చూడండి. ఇక్కడ అమెరికాలో మంచి ప్రోగ్రాముల్లో పీహెచ్‌డీ అంటే ట్యూషన్ ఫీజు ఉండదు, పైగా స్టైపెండ్, హెల్త్ ఇన్సూరెన్స్ ఇస్తారు, ఎక్కువ చోట్ల ఐదేళ్లకు మాట ఇస్తారు. అందుకే ఏడాదికి కొద్దిమందినే తీసుకుంటారు, చాలా డిపార్ట్‌మెంట్లలో పదిమందికి అటూ ఇటూ. పేరున్న చోట్లకి అప్లికేషన్లు వందల్లో వస్తాయి. అడ్మిషన్ కమిటీలో కూర్చున్నవాళ్లకి కావలసింది మూడు సంగతులు: ఈ మనిషి దేని గురించి తెలుసుకోవాలనుకుంటున్నారు, ఆ పని చేయగలరా, ఆ పనికి దారి చూపించేవాళ్లు మన దగ్గర ఉన్నారా. ఈ మూడింటికీ మీ జీపీఏలో జవాబు దొరకదు.

ప్రశ్న అంటే ఎలా ఉండాలో ఒక ఉదాహరణతో చెబుతాను. "ప్రవాస భారతీయుల్లో కులం" అన్నది టాపిక్, అది ఇంకా ప్రశ్న కాలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో రెఫరల్స్ ఎవరి నుంచి ఎవరికి వెళ్తాయి, అందులో కాలేజీ పరిచయం ఎంత, బంధుత్వం ఎంత, కులం ఎంత అని అడిగితే అది ప్రశ్న అవుతుంది. ఇక్కడితో ఆగకూడదు. అమెరికన్ సోషియాలజిస్టు మార్క్ గ్రానోవెటర్ 1973లో రాసిన ప్రసిద్ధ వ్యాసం ఒకటుంది. దగ్గరివాళ్లకు తెలిసినవి చాలావరకు మనకూ తెలిసే ఉంటాయి, కొత్త సమాచారం ఎక్కువగా ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారా చేరుతుంది, ఉద్యోగాల విషయంలోనూ అదే కనబడింది అన్నది అందులోని వాదం. మరి బంధుత్వమూ కులమూ గట్టిగా అల్లుకున్న వలస సమూహంలో అది ఎంతవరకు నిలుస్తుంది? ఇలా అడిగినప్పుడు మన దేశం గురించి ఏమీ తెలియని అమెరికన్ ప్రొఫెసర్‌కి కూడా ఇది తన శాస్త్రానికి సంబంధించిన సంగతే అని అర్థమవుతుంది. ఇక్కడి సోషియాలజీ డిపార్ట్‌మెంట్లలో భారతదేశం మీద పనిచేసేవాళ్లు తక్కువ, ఆంత్రోపాలజీలో కాస్త ఎక్కువ కనిపిస్తారు. కాబట్టి మీ టాపిక్ తెలిసిన మనిషి కోసమే వెతక్కండి, మీ ప్రశ్న మీద ఆసక్తి ఉన్న మనిషి కోసం వెతకండి. వలసల మీద పనిచేసేవాళ్లు, లేబర్ మార్కెట్ మీద పనిచేసేవాళ్లు, సోషల్ నెట్‌వర్క్స్ (మనుషుల మధ్య పరిచయాల అల్లిక) మీద పనిచేసేవాళ్లు, వీళ్లలో ఎవరైనా మీకు గైడ్ కావచ్చు.

అలాంటివాళ్లు కనీసం ఇద్దరు, వీలైతే ముగ్గురు ఉన్న డిపార్ట్‌మెంటుకే అప్లై చేయండి. ఒక్కరినే నమ్ముకుంటే వాళ్లు వేరే యూనివర్సిటీకి వెళ్లిపోవచ్చు, రిటైర్ కావచ్చు, మీరు మధ్యలో మిగిలిపోతారు. వాళ్లు ఈ మధ్య రాసిన వ్యాసాలు ఒకటి రెండు పూర్తిగా చదవండి. ఎస్‌ఓపీలో పేర్లు పేర్చుకుంటూ పోతే లాభం లేదు, మీ పనికీ వాళ్ల పనికీ ఎక్కడ కలుస్తుందో రెండు వాక్యాల్లో చెప్పండి.

ముందే మెయిల్ పెట్టాలా అని చాలామంది అడుగుతారు. సైన్స్ ల్యాబుల్లో అయితే ఒక ప్రొఫెసర్ తన గ్రాంటు నుంచి డబ్బిచ్చి తీసుకుంటారు, అక్కడ ముందు మాట్లాడుకోవడం అవసరం. సోషియాలజీలో మాత్రం నిర్ణయం ఎక్కువగా కమిటీదే. పెట్టాలనిపిస్తే నాలుగైదు వాక్యాల్లో పెట్టండి, ఈ ఏడాది కొత్త విద్యార్థులకు గైడ్‌గా ఉంటారా అని అడగండి. జవాబు రాకపోతే దాన్ని తిరస్కారం అనుకుని టెన్షన్ పడకండి.

ఎస్‌ఓపీలో చిన్నప్పటి నుంచీ నాకు సమాజసేవ ఇష్టం అని మొదలుపెట్టొద్దు. మీ జీవితంలోంచి రాయండి, తప్పు లేదు, కానీ అది ప్రశ్న దగ్గరికి తీసుకెళ్లాలి. ఇక రైటింగ్ శాంపిల్. మనవాళ్లు దీన్ని బాగా నిర్లక్ష్యం చేస్తారు, కమిటీలు మాత్రం శ్రద్ధగా చదివేది దీన్నే. ఆధారాలు చూపించి ఒక వాదన నిలబెట్టిన పేపర్ ఒకటి కావాలి, సాధారణంగా 20 పేజీలకు కాస్త అటూ ఇటూ. గ్రూప్ ప్రాజెక్టు రిపోర్టు దానికి పనికిరాదు. మూడు రెకమెండేషన్ లెటర్లు కూడా మీ రాత చదివినవాళ్ల నుంచే రావాలి. కాలేజీ ప్రిన్సిపాల్ గారు పెద్ద హోదాలో ఉన్నారని ఆయన చేత రాయించుకుంటే "క్రమశిక్షణ గల విద్యార్థి" అని రాస్తారు, దాని వల్ల మీ ఆలోచన ఎలాంటిదో ఎవరికీ తెలియదు.

మరి ఇంజినీరింగ్ చదివిన నాకు ఇవన్నీ ఎక్కడివి అంటారా? దగ్గర్లో ఉన్న యూనివర్సిటీలో నాన్-డిగ్రీ విద్యార్థిగా ఒకటి రెండు కోర్సులు తీసుకోండి, ఒకటి థియరీ, ఒకటి మెథడ్స్. హెచ్-4 మీద చదువుకోవడానికి అడ్డు లేదు. అక్కడ రాసిన టర్మ్ పేపర్‌నే దిద్దుకుంటే రైటింగ్ శాంపిల్ అవుతుంది, ఆ పాఠం చెప్పిన ప్రొఫెసరే మీకు లెటర్ రాస్తారు. నా రెండో ప్రయత్నం నిలబడింది దీని మీదే. స్టాటిస్టిక్స్, లెక్కల విశ్లేషణకు వాడే ఆర్ (R) లాంటివి మీకు ముందే వచ్చి ఉంటే అది నిజంగా బలం, దాన్ని దాచుకోకండి. ఏడాదిపాటు ఎంఏ చేసి వెళ్లే దారి కూడా ఉంది, చికాగో యూనివర్సిటీలో మ్యాప్స్ అనే ప్రోగ్రామ్ అలాంటిదే, కానీ ఎంఏలకు పీహెచ్‌డీలా పూర్తి ఫండింగ్ ఉండదు, చాలావరకు సొంత డబ్బే పెట్టాలి. అప్పు చేసి వెళ్లే ముందు బాగా ఆలోచించండి.

వీసా సంగతి జాగ్రత్తగా వినండి. హెచ్-4 మీద చదవొచ్చు కానీ ఈఏడీ (పనిచేయడానికి అనుమతి పత్రం) లేకుండా జీతానికి పనిచేయకూడదు, టీఏ, ఆర్ఏ (టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్) పనులు ఉద్యోగం కిందకే వస్తాయి. అంటే స్టైపెండ్ కోసం ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాల్సి ఉంటుంది, దానికి నెలలు పట్టవచ్చు కాబట్టి ఆఫర్ రాగానే ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసుతో మాట్లాడండి. ఇంకోటి, సోషియాలజీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేదు, కాబట్టి ఓపీటీ (చదువు అయ్యాక పనిచేసుకునే అనుమతి) 12 నెలలే, ఆ పైన 24 నెలల పొడిగింపు ఉండదు. ఒక ఊరట ఏమిటంటే యూనివర్సిటీలో ఉద్యోగం దొరికితే హెచ్-1బీకి లాటరీ అక్కర్లేదు. అయితే ఆ ఉద్యోగాలకు పోటీ చాలా ఎక్కువ, ఆరేడేళ్లు చదివాక కూడా ప్రొఫెసర్ పోస్టు రాకపోవచ్చు. ఈ మాట ఇంట్లోవాళ్లతో ముందే కూర్చుని మాట్లాడుకోండి.

గడువులు చాలాచోట్ల డిసెంబరు మొదటి రెండు వారాల్లో ఉంటాయి, ఫలితాలు ఫిబ్రవరి, మార్చిలో వస్తాయి. లెటర్లు రాసేవాళ్లకి కనీసం రెండు నెలల ముందే చెప్పండి. మూడేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లు ఫీజు కట్టే ముందే గ్రాడ్యుయేట్ స్కూల్‌కి రాసి తీసుకుంటారో లేదో కనుక్కోండి. బ్రిటన్‌లో పద్ధతే వేరు, అక్కడ ముందే పరిశోధన ప్రతిపాదన రాసి గైడ్‌ని ఒప్పించుకోవాలి, అడ్మిషన్ ఒక పక్క, డబ్బు ఇంకో పక్క. కెనడాలో సాధారణంగా ముందు మాస్టర్స్ చేయమంటారు.

ఆఫర్ వస్తే కంగారుపడి వెంటనే ఒప్పుకోవద్దు. చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 వరకు ఆలోచించుకునే సమయం ఇస్తామని ఒప్పందం చేసుకున్నాయి. ఆ లోపు అక్కడ నాలుగో ఏడాది, ఐదో ఏడాదిలో ఉన్న విద్యార్థులతో ఫోన్‌లో మాట్లాడండి. వేసవి మూడు నెలలు డబ్బెలా, ఐదేళ్లు దాటితే ఏం చేస్తున్నారు, రాసినవి గైడ్ ఎన్నాళ్లకి చదివి వెనక్కి ఇస్తారు అని సూటిగా అడగండి. నాకు రెండు ఆఫర్లు వచ్చాయి. ర్యాంకు ఎక్కువున్న చోట ఒకమ్మాయి తన థీసిస్ చాప్టర్ గైడ్‌కి ఇచ్చి ఐదు నెలలైంది, ఇంకా ఎదురుచూస్తున్నాను అంది. రెండో చోట ఒకతను, రెండు వారాల్లో మార్జిన్ నిండా రాసి వెనక్కి ఇస్తారు అన్నాడు. నేను రెండో చోటికే వెళ్లాను.